మట్టి ఉండ ఎంత దూరం పోతుంది?

బడిలో సైన్సు ప్రదర్శన పెడితే క్యాటపల్ట్ ఉన్న బల్ల చుట్టూ ఎప్పుడూ గుంపే. నాలుగు ఐస్‌క్రీం పుల్లలు, రెండు రబ్బరు బ్యాండ్లు, ఒక సీసా మూత ఉంటే చాలు. పుల్ల వెనక్కి వంచి వదలగానే ఉండ గాల్లోకి లేస్తుంది, పిల్లలు కేరింతలు కొడతారు. ఆ సందడి సద్దుమణిగాక చూడవచ్చిన మాస్టారు ఒక్క మాట అడిగితే బల్ల వెనకున్న పిల్లలు ఒకరి మొహం ఒకరు చూసుకుంటారు. "ఇంకోసారి వదులుతావు కదా, ఎక్కడ పడుతుందో ముందే గీత గీసి చూపించగలవా?"

ప్రాజెక్టు అసలు మొదలయ్యేది ఆ ప్రశ్నతోనే అని నా గట్టి నమ్మకం. యంత్రం చెయ్యడం ఒక సాయంత్రం పని. విసిరి కొలవడం, కొలతకూ లెక్కకూ ఎక్కడ తేడా వచ్చిందో వెతికి పట్టుకోవడం మాత్రం వారాల పని. ఇంటర్ మొదటి సంవత్సరంలో 'సమతలంలో చలనం' పాఠం చదివి, ప్రక్షేపకాల మీద వందల లెక్కలు చేసినవాళ్లకు కూడా ఈ రెండో పని కొత్తగానే ఉంటుంది.

క్యాటపల్ట్ చేసినవాళ్లను ఈ ప్రశ్న ఇరవై మూడు వందల ఏళ్లకు పైగా వెంటాడుతూనే ఉంది. క్రీ.పూ. 399లో సిసిలీ ద్వీపంలోని సిరాక్యూజ్ పాలకుడు డయొనీసియస్, కార్తేజ్ మీద యుద్ధానికి సిద్ధమవుతూ నలుదిక్కుల నుంచీ పనివాళ్లను రప్పించాడు. క్యాటపల్ట్ అప్పుడే అక్కడే పుట్టిందని చరిత్రకారుడు డయొడోరస్ రాశాడు. తొలి యంత్రాలు పెద్ద విల్లు లాంటివి, బాణాలు వేసేవి. కొంతకాలానికి విల్లు పోయి, జంతువుల నరాలతో, వెంట్రుకలతో పేనిన తాళ్ల కట్టలు వచ్చాయి. కట్ట మధ్యలో కర్ర దూర్చి మెలిపెట్టి వదిలితే కర్ర రాయిని విసురుతుంది. అక్కడే చిక్కు వచ్చింది. రెట్టింపు బరువున్న రాయి విసరాలంటే యంత్రాన్ని ఎంత పెంచాలి? తాళ్లు రెట్టింపు చేస్తే సరిపోతుందా?

క్రీ.పూ. 3వ శతాబ్దంలో బైజాంటియం వాడైన ఫిలాన్ రాసిన పుస్తకంలో దీనికి జవాబుంది. రాయి బరువును మినాల్లో తీసుకుని 100తో హెచ్చవేసి, ఘనమూలం కట్టి, దాన్ని మళ్లీ 1.1తో హెచ్చవేయాలి. తాళ్ల కట్ట దూరే రంధ్రం ఎన్ని వేళ్ల వెడల్పు ఉండాలో వస్తుంది. మినా అంటే మన లెక్కలో 430 గ్రాముల పైచిలుకు. 10 మినాల రాయికి 11 వేళ్ల రంధ్రం కావాలి, అంటే సుమారు 21 సెంటీమీటర్లు. 80 మినాల రాయికి 22 వేళ్లు చాలు. రాయి బరువు 8 రెట్లు పెరిగినా రంధ్రం రెండింతలే అయింది. ఎందుకంటే కట్టలో దాగే శక్తి దాని ఘనపరిమాణాన్ని బట్టి ఉంటుంది. పొడవు, వెడల్పు, మందం మూడూ రెండింతలైతే ఘనపరిమాణం 8 రెట్లవుతుంది. నన్ను ఎక్కువగా ఆకట్టుకునేది సూత్రం కన్నా అది దొరికిన తీరు. కూర్చుని ఆలోచిస్తే తేలలేదని, రంధ్రాన్ని కొద్దికొద్దిగా పెంచుతూ తగ్గిస్తూ విసిరి చూసి తేల్చారని, రాజుల పోషణ ఉన్న అలెగ్జాండ్రియా పనివాళ్లకే అది సాధ్యమైందని ఫిలాన్ చెబుతాడు. ఒక యంత్రం కొలతలను ప్రయోగాల వరసతో నిర్ణయించిన తొలి సందర్భాల్లో ఇదొకటి. బడి పిల్లలు చెయ్యాల్సిందీ సరిగ్గా అదే పని.

ఇక తయారీ. ఐస్‌క్రీం పుల్లల నమూనా ఆరో తరగతి వాళ్లకు సరదాగా ఉంటుంది గానీ కొలతలకు నిలవదు. పుల్ల తనే వంగుతుంది, కట్లు ప్రతి దెబ్బకూ కాస్త జారతాయి, రెండు విసుర్లు ఒకేలా రావు. కొంచెం పెద్ద పిల్లలు గట్టి చెక్కతో చేసుకోవడం మేలు. ఒక చెక్క పీట, దానికి చిన్న మడతబందుతో బిగించిన అడుగు పొడవు చెక్క బద్ద, బద్ద కొసన అతికించిన సీసా మూత. బద్దకు ముందు రెండు పక్కలా నిలువు కర్రలు పాతి, వాటి మధ్య అడ్డుకర్ర పెట్టాలి. రబ్బరు బ్యాండు బద్దను ముందుకు లాగుతుంది. పడుకోబెట్టిన బద్ద నిటారుగా లేచి అడ్డుకర్రకు కొట్టుకుని ఆగుతుంది, మూతలో ఉన్న ఉండ ఆగకుండా ముందుకు పోతుంది.

ఎటు పోతుందన్న దగ్గర చాలామంది తడబడతారు. బద్ద ఎటు చూస్తుంటే ఉండ అటు పోతుందనుకుంటారు. బద్ద కొస తిరిగేది వృత్తంలో కాబట్టి, ఏ క్షణాన చూసినా దాని వేగం బద్దకు లంబంగా ఉంటుంది. బద్ద నిటారుగా ఉన్నప్పుడు వదిలిన ఉండ నేలకు సమాంతరంగా బయల్దేరుతుంది. 45 డిగ్రీల్లో పైకి పంపాలంటే బద్ద ఇంకా వెనక్కి వాలి ఉండగానే, నేలతో 45 డిగ్రీల దగ్గరే ఆపాలి.

అలాగని కోణం మార్చడానికి అడ్డుకర్రను జరపడం మొదలుపెడితే ఒక దొంగ దారి తెరుచుకుంటుంది. అడ్డుకర్ర జరిగితే బద్ద తిరిగే దూరం మారుతుంది, రబ్బరు ఎంతసేపు లాగుతుందన్నది మారుతుంది, దాంతో వేగమూ మారుతుంది. కోణం ఒక్కటే మార్చామనుకుంటాం గానీ నిజానికి రెండు మారాయి. ఫలితం దేనివల్ల వచ్చిందో చెప్పలేం. దీనికి మంచి ఉపాయం, యంత్రాన్ని ముట్టుకోకుండా మొత్తం పీటనే వాల్చడం. పీటను ఇంకో పలకకు మడతబందుతో కలిపి, ముందు భాగాన్ని ఎత్తి కింద దిమ్మ పెట్టండి. పీట 30 డిగ్రీలు లేస్తే ఉండ 30 డిగ్రీల్లో బయల్దేరుతుంది. రబ్బరు సాగుదల, బద్ద తిరిగే కోణం ఎక్కడివక్కడే ఉంటాయి. పలకను బల్లకు క్లాంపుతో బిగించడం మర్చిపోకూడదు. పీట వెనక్కి తన్నితే ఆ మేరకు శక్తి ఉండకు దక్కదు. బద్దను వేలితో పట్టి వదిలినా ప్రతిసారీ తేడా వస్తుంది. దారంతో కట్టి కత్తెరతో తెంపితే విడుదల ఒకేలా ఉంటుంది.

విసరడానికి ఆరిన బంకమట్టి ఉండలు బాగుంటాయి. రాళ్లు, ఇనుప గుళ్లు వద్దే వద్దు. యంత్రం ముందు ఎవరూ నిలబడకూడదు, విసిరేవాళ్లకు కళ్లజోడు ఉండాలి. పడే చోట నేల మీద ముగ్గుపిండి పల్చగా చల్లితే ఉండ పడిన గుంట స్పష్టంగా తెలుస్తుంది, ఆ తర్వాత దొర్లిన దూరాన్ని కలిపేసుకునే ప్రమాదం ఉండదు.

మొదట తెలుసుకోవాల్సింది వేగం. ఇందుకు మీటర్లు, సెన్సర్లు అక్కర్లేదు. గెలీలియో 1608 ప్రాంతంలో బల్ల మీది వాలు నుంచి గుండు దొర్లించి, అది బల్ల అంచు దాటి ఎంత దూరంలో పడిందో రాసుకున్న కాగితాలు ఇప్పటికీ ఉన్నాయి. మనమూ ఆ దారినే పోదాం. పీటను సమంగా ఉంచి, ఉండ విడిపోయే చోటు నేలకు 80 సెంటీమీటర్ల ఎత్తున ఉండేలా చూసి విసరండి. 80 సెంటీమీటర్లు కిందికి పడటానికి ఏ వస్తువుకైనా 0.4 సెకన్లు పడుతుంది. అడ్డంగా ఎంత వేగంతో పోతోందన్నదానితో ఆ కాలానికి సంబంధం లేదు. ఉండ 2 మీటర్ల అవతల పడితే, 2ను 0.4తో భాగించాలి. వేగం సెకనుకు సుమారు 5 మీటర్లు. టేపు ఒక్కటి చాలు.

ఇప్పుడు జోస్యం చెప్పొచ్చు. విసిరిన చోటు, పడిన చోటు ఒకే మట్టంలో ఉంటే 45 డిగ్రీల్లో అత్యధిక దూరం వస్తుందని ఇటలీ గణితజ్ఞుడు టార్టాలియా 1537లోనే అచ్చువేశాడు. దారి పరావలయమని గెలీలియో 1638లో నిరూపించాక లెక్క తేలికైంది. వేగాన్ని వర్గం చేసి గురుత్వ త్వరణంతో భాగిస్తే మన ఉండకు రెండున్నర మీటర్లు వస్తుంది. 30 డిగ్రీలకూ 60 డిగ్రీలకూ ఒకే దూరం, సుమారు 2.17 మీటర్లు. పరీక్షలో రాసే ఈ జంట కోణాల సంగతి కళ్లెదుటే రుజువై, ఒక ఉండ తక్కువ ఎత్తులో చురుగ్గా పోయి, ఇంకోటి పైకి లేచి నిదానంగా దిగి, రెండూ ముగ్గుపిండిలో పక్కపక్కనే పడినప్పుడు పిల్లల మొహాల్లో కనిపించే ఆశ్చర్యం చూడాల్సిందే.

ఆ తర్వాతే అసలు చిక్కులు వస్తాయి. 40 డిగ్రీలకు లెక్క ప్రకారం దూరం 2.46 మీటర్లు. 45కూ దీనికీ తేడా 4 సెంటీమీటర్లే. ఒకే అమరికతో వరసగా విసిరిన ఉండలే పదిహేను సెంటీమీటర్లు అటూ ఇటూ పడుతుంటే, ఈ 4 సెంటీమీటర్ల తేడాను ఎలా పట్టుకుంటాం? ఒక్కో కోణానికి ఒక్కోసారి విసిరి 40 డిగ్రీలే మేలని రాసేసిన నోటుపుస్తకాలు ప్రదర్శనల్లో కొల్లలు. ప్రతి అమరికకూ చాలాసార్లు విసరాలి, సగటు తీసుకోవాలి, ఎంత చెదురుగా పడ్డాయో కూడా పక్కన రాయాలి. నాలుగు రెట్లు ఎక్కువసార్లు విసిరితే సగటులోని అనిశ్చితి సగానికి తగ్గుతుంది. చెదురు కన్నా తేడా చిన్నదైతే "ఈ రెండింటికీ తేడా మా యంత్రం చెప్పలేకపోయింది" అని రాయడమే సరైన ఫలితం. పోటీకి వచ్చిన పిల్లలు ఆ వాక్యం రాయడానికి భయపడతారు. పెద్దవాళ్లమైన మనం దానికి మార్కులు వేయడం నేర్చుకోవాలి.

పైగా 45 దగ్గర కోణం మీద అంత పట్టుదల అనవసరం కూడా. వేగం 10 శాతం పెరిగితే దూరం 21 శాతం పెరుగుతుంది. కోణంలో 5 డిగ్రీల తప్పుకు పోయేది ఒకటిన్నర శాతమే. శ్రమ పెట్టాల్సింది వేగం మీద.

విసిరే చోటు ఎత్తులో ఉంటే 45 కూడా చెల్లదు. 80 సెంటీమీటర్ల బల్ల మీద నుంచి ఇదే వేగంతో నేల మీదికి విసిరితే అత్యధిక దూరం 38 డిగ్రీల దగ్గర వస్తుంది, 3.2 మీటర్ల దాకా పోతుంది. కింద పడటానికి ఎలాగూ అదనంగా కాలం దొరుకుతోంది కాబట్టి, పైకి ఎగరడానికి ఖర్చుపెట్టే వేగాన్ని కొంత ముందుకు పోవడానికి వాడుకోవచ్చు. ఇదే ఎత్తు నుంచి 45లో విసిరినదానితో పోలిస్తే ఈ తేడా పెద్దదేమీ కాదు. అయినా పీట కింద దిమ్మలు పెరిగేకొద్దీ విడుదల ఎత్తు మారుతోందని గమనించని జట్టుకు లెక్కలు ఎందుకు కుదరడం లేదో అర్థం కాదు.

బరువు సంగతికొస్తే ఇంకా రుచిగా ఉంటుంది. ఉండ బరువు సగం చేస్తే దూరం రెట్టింపు కావాలి కదా, శక్తి అంతే ఉంది కదా అని ఎవరైనా అంటారు. 6 గ్రాముల ఉండ రెండున్నర మీటర్లు పోయిందనుకుందాం. 3 గ్రాముల ఉండ 5 మీటర్లు పోవాలి. విసిరి చూస్తే మూడు మీటర్ల చిల్లర దగ్గరే పడుతుంది. మిగతా శక్తి ఏమైంది? బద్ద తీసుకుంది. రబ్బరు ఇచ్చే శక్తితో ఉండ ఒక్కటే కదలదు, బద్దా మూతా కూడా కదలాలి. ఒక కొసన తిరిగే సమమైన బద్ద, దాని బరువులో మూడో వంతు అవతలి కొసన వేలాడుతున్నట్టే ప్రవర్తిస్తుంది. బద్ద 12 గ్రాములైతే కొసన 4 గ్రాములు, మూత 2 గ్రాములు, మొత్తం 6. అంటే 6 గ్రాముల ఉండతో కలిపి రబ్బరు తోసేది 12 గ్రాములను, 3 గ్రాముల ఉండతో 9 గ్రాములను. ఉండ బరువు సగమైనా, తోయాల్సిన బరువు తగ్గింది నాలుగో వంతే. దూరం 12కు 9 నిష్పత్తిలో పెరిగి 3.3 మీటర్లవుతుంది. అదే లెక్కన 12 గ్రాముల ఉండ 1.25 మీటర్ల దగ్గర ఆగకుండా 1.67 దాకా పోతుంది. ఈ మూడు ఉండలూ విసిరి గ్రాఫు గీస్తే, బద్దను తూచకుండానే దాని ప్రభావం ఎన్ని గ్రాములో గ్రాఫులోంచి రాబట్టొచ్చు. పిల్లలు తమంతట తాము ఈ సంఖ్యను రాబట్టి, ఆ తర్వాత బద్దను ఊడదీసి కాటాలో పెట్టి సరిచూసుకుంటే, బడి స్థాయిలో అంతకన్నా గొప్ప ప్రయోగం నాకు తోచడం లేదు.

తేలిక ఉండల విషయంలో గాలి కూడా అడ్డొస్తుంది. 6 గ్రాముల మట్టి ఉండ సెకనుకు 5 మీటర్ల వేగంతో పోతుంటే గాలి నిరోధం దాని బరువులో 3 శాతం ఉంటుంది, వదిలేయొచ్చు. అదే వేగంలో 2.7 గ్రాముల టేబుల్ టెన్నిస్ బంతికి మాత్రం అది బరువులో దాదాపు మూడో వంతు. ఆ బంతి దారి పరావలయం కాదు. దిగేటప్పుడు ఎక్కేటప్పటి కన్నా నిటారుగా ఉంటుంది.

రబ్బరుతో ఇంకో పేచీ ఉంది. వెడల్పాటి రబ్బరు బ్యాండును చటుక్కున సాగదీసి పెదవికి ఆనించి చూడండి, వెచ్చగా తగులుతుంది. కాసేపు సాగదీసి ఉంచి, ఒక్కసారిగా వదులు చేసి ఆనిస్తే చల్లగా ఉంటుంది. సాగదీయడానికి మనం పెట్టిన పని అంతా తిరిగి రాదు, కొంత వేడిగా పోతుంది. ఎంత పోతుందో తేల్చడానికి ఒక ప్లాస్టిక్ సీసా చాలు. రబ్బరును మేకుకు తగిలించి, కింద సీసా కట్టి, 100 మిల్లీలీటర్ల చొప్పున నీళ్లు పోస్తూ సాగుదల కొలవాలి. ఒక్కో మోతాదూ 100 గ్రాముల బరువే. తర్వాత అదే లెక్కన నీళ్లు తీస్తూ కొలవాలి. రెండు గీతలూ ఒకదాని మీద ఒకటి పడవు. పోసేటప్పటి గీత కింద ఉన్న వైశాల్యం మనం పెట్టిన శక్తి, తీసేటప్పటి గీత కింద ఉన్నది తిరిగొచ్చిన శక్తి, మధ్యలో మిగిలిన సందు నష్టం. గీత తిన్నగా ఉండదు కాబట్టి హుక్ సూత్రం నమ్ముకుని, రెండింతలు లాగితే నాలుగింతల శక్తి అని వేసిన లెక్క కూడా తప్పుతుంది. కొత్త రబ్బరు మొదటి కొన్ని సాగుడుల్లో మెత్తబడుతుంది. అందుకే కొలతలకు ముందు దాన్ని బాగా సాగదీసి వదిలి లొంగదీయాలి. లేకపోతే పొద్దున విసిరినవి దూరం, మధ్యాహ్నం విసిరినవి దగ్గర పడి, ఆ తప్పు కోణం మీదికి పోతుంది.

ఇప్పుడు చాలా ఫోన్లలో సెకనుకు 240 చిత్రాలు తీసే స్లో మోషన్ ఉంది. వెనక గోడకు స్కేలు అంటించి తీస్తే, మన ఉండ ఒక చిత్రం నుంచి ఇంకో చిత్రానికి 2 సెంటీమీటర్లు జరుగుతుంది. ఒక్కో చిత్రం ముందుకు జరుపుతూ చూస్తే, చాలా యంత్రాల్లో బద్ద అడ్డుకర్రను తాకక ముందే ఉండ మూతలోంచి విడిపోయి కనిపిస్తుంది. రబ్బరు వదులయ్యాక బద్ద వేగం తగ్గడం మొదలవుతుంది, ఉండ తగ్గదు. బద్ద నిటారుగా కావడానికి 10 డిగ్రీల ముందే విడిపోతే, సమాంతరంగా వెళ్లిందనుకున్న ఉండ నిజానికి 10 డిగ్రీలు పైకి బయల్దేరింది. అప్పుడు 0.4 సెకన్ల లెక్క కూడా సరిదిద్దుకోవాలి. లెక్క ఒకటి, కొలత ఒకటి వచ్చినప్పుడు కొలతను దిద్దడం మానేసి ఈ వీడియో చూడాలి.

రబ్బరుతో వేగలేనివాళ్లకు ట్రెబుషే ఉంది. ఒక పొడవాటి కర్రకు పొట్టి కొసన బరువు, పొడుగు కొసన వడిసెల. బరువు కిందికి పడితే వడిసెల్లోని రాయి లేస్తుంది. పొలంలో మంచె మీద నిలబడి వడిసెల తిప్పినవాళ్లకు దాని మహిమ చెప్పక్కర్లేదు. చేతి పొడవుకు తాడు పొడవు కలిసి, కొసన వేగం ఎన్నో రెట్లవుతుంది. ఈ యంత్రంలో దాచిన శక్తి ఎంతో సాగదీయకుండానే తెలుస్తుంది, బరువు ఎంత ఎత్తు నుంచి దిగిందో కొలిస్తే చాలు. బరువు రాయికి ఎన్ని రెట్లుందో చూసి, దాన్ని దిగిన ఎత్తుతో హెచ్చవేసి రెట్టింపు చేస్తే, నష్టమేమీ లేనప్పుడు రాగల అత్యధిక దూరం వస్తుంది. అరకిలో బరువు 20 సెంటీమీటర్లు దిగి 10 గ్రాముల ఉండను విసిరితే ఆ హద్దు 20 మీటర్లు. నిజంగా 8 మీటర్లు పోతే యంత్రం సామర్థ్యం 40 శాతం. గురుత్వ త్వరణం రెండు పక్కలా ఉండి రద్దయిపోతుంది కాబట్టి, చంద్రుడి మీద విసిరినా ఈ హద్దు మారదు.

రాళ్లు విసిరే యంత్రాలు మన నేలకూ వచ్చాయి. 1310లో ఢిల్లీ సేనాని మాలిక్ కాఫూర్ సైన్యం ఓరుగల్లును ముట్టడించినప్పుడు మంజనీకులనే ఈ యంత్రాలతో రాళ్లు విసిరిందని అమీర్ ఖుస్రో రాశాడు. బయటి మట్టికోట గట్టిదనాన్ని వర్ణిస్తూ, గుండ్లు తగిలినా ఎగిరి వెనక్కి పడతాయంటాడు. ఆయన కవి, ఢిల్లీ ఆస్థానం వాడు, మాటలో అతిశయం ఉండొచ్చు. కానీ భౌతికశాస్త్రం వైపు నుంచి చూస్తే ఆ మాట కొట్టిపారేయదగ్గది కాదు. రాతి గోడ దెబ్బకు పగులుతుంది, పగులు వ్యాపిస్తుంది. వెడల్పాటి మట్టి కట్ట దెబ్బ తగిలిన చోట నొక్కుకుపోయి శక్తిని అక్కడికక్కడే మింగేస్తుంది. మట్టి ఉండను ఒకసారి ఇటుక మీదికి, ఒకసారి తడి ఇసుక దిబ్బ మీదికి విసిరి పిల్లలే పోల్చి చూడొచ్చు.

ట్రెబుషే చేసిన జట్టుకు చివరిగా ఒక ప్రయోగం. పీటకు నాలుగు బొమ్మకారు చక్రాలు బిగించి, క్లాంపు తీసేసి విసరండి. ఇందాక రబ్బరు యంత్రానికి పీట కదిలితే నష్టమన్నాం. ఇక్కడ మాత్రం దూరం తరచూ పెరుగుతుంది. పీట కదలకుండా ఉంటే బరువు వంపు తిరుగుతూ దిగి, అట్టడుగున ఇంకా అటూ ఇటూ ఊగుతూ తన శక్తి కొంత తనే ఉంచుకుంటుంది. చక్రాలుంటే పీట ముందుకూ వెనక్కూ జరిగి, బరువు దాదాపు నిట్టనిలువుగా దిగుతుంది, రాయి విడిపోయే వేళకు దాని దగ్గర మిగిలే వేగం తక్కువ. పైగా ఆ క్షణాన పీట ముందుకే పోతూ ఉంటే ఆ వేగమూ రాయికి కలిసొస్తుంది. ఈ రెండింటిలో ఏది ఎంత అన్నది స్లో మోషన్ వీడియోలో చక్రం ఎన్ని సెంటీమీటర్లు జరిగిందో లెక్కపెడితే తేలుతుంది.